పాలీకార్బొనేట్ పైకప్పు: ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదులు ఉంచాలి?

ప్రశ్న: మా ఇంటి వెనుక 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న ఖాళీ స్థలానికి పాలీకార్బొనేట్ షీట్లతో పైకప్పు వేయించాలని అనుకుంటున్నాము. 6 మిల్లీమీటర్ల మల్టీవాల్ షీటు (పలుచని పొరల మధ్య వరుసగా బోలు గొట్టాలు ఉండే షీటు) సరిపోతుందని, ఇనుప పైపుల మీద నేరుగా స్క్రూలతో గట్టిగా బిగించి సందులన్నిటికీ సిలికాన్ పూస్తే చుక్క నీరు కూడా దిగదని పనివారు చెబుతున్నారు. అయితే మాకు తెలిసినవారి ఇంట్లో ఇదే పద్ధతిలో వేసిన షీట్లు కొన్నేళ్లకే పసుపు రంగుకు తిరిగాయి. స్క్రూల చుట్టూ పగుళ్లు వచ్చాయి. షీటు లోపలి గొట్టాలలో నాచు కూడా పట్టింది. ఇది సరుకు లోపమా, పని లోపమా? మెట్ల పక్కన ఉన్న పెద్ద కిటికీకి గాజు బదులుగా కూడా పాలీకార్బొనేట్ వేయవచ్చా?

సమాధానం: మీరు చెప్పిన మూడు లోపాలకు కారణాలు వేరువేరు. పగుళ్లు, నాచు ఎక్కువగా బిగింపులో జరిగిన పొరపాట్ల వల్ల వచ్చేవే. పసుపు రంగు మాత్రం కొంత సరుకును బట్టి, కొంత పనిని బట్టి వస్తుంది. మీ పనివారు చెబుతున్న పద్ధతి సరిగ్గా ఆ పగుళ్లను తెచ్చిపెట్టే పద్ధతే కాబట్టి, షీటు కొనకముందే దానిని ఎలా బిగిస్తారన్నది తేల్చుకోవడం మంచిది.

పాలీకార్బొనేట్ వేడికి మెత్తబడే ఒక రకం ప్లాస్టిక్. 1953లో జర్మనీలోని బేయర్ సంస్థలో హెర్మన్ ష్నెల్, అదే సంవత్సరం అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో డేనియల్ ఫాక్స్ ఒకరి పని ఒకరికి తెలియకుండా దీనిని తయారు చేశారు. దీని సాంద్రత గాజు సాంద్రతలో సగానికన్నా తక్కువ. దెబ్బను తట్టుకునే శక్తి మాత్రం అదే మందం గల మామూలు గాజుతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది. ఇవన్నీ అమ్మేవారు చెప్పే గుణాలు, నిజమైన గుణాలే. వారు అంతగా చెప్పని గుణాలు మూడు ఉన్నాయి: వేడికి ఇది చాలా ఎక్కువగా వ్యాకోచిస్తుంది, కొన్ని రసాయనాలు తగిలితే చీలుతుంది, దీని ఉపరితలం సులభంగా గీతలు పడుతుంది. పైకప్పు విషయంలో మొదటి రెండూ ముఖ్యం, కిటికీ విషయంలో మూడవది కూడా ముఖ్యమవుతుంది.

ముందుగా వ్యాకోచం సంగతి చూద్దాం. ఒక మీటరు పాలీకార్బొనేట్ ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 0.065 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదే పొడవు గల ఇనుము 0.012 మిల్లీమీటర్లు, గాజు 0.009 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతాయి. ఈ అంకెలు విడిగా చూస్తే చాలా చిన్నవిగా కనిపిస్తాయి. కానీ మీ స్థలానికి 6 మీటర్ల పొడవు షీటు వేసి, అది తెల్లవారుజామున 15 డిగ్రీల వద్ద, మిట్టమధ్యాహ్నం ఎండలో 60 డిగ్రీల వద్ద ఉంటుందని అనుకుందాం. ఆ 45 డిగ్రీల తేడాకు షీటు పదిహేడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాని కింద ఉన్న ఇనుప పైపు అంతే వేడెక్కినా 3 మిల్లీమీటర్లకు కాస్త మించి పెరుగుతుంది. అంటే షీటుకూ పైపుకూ మధ్య దాదాపు 14 మిల్లీమీటర్ల పేచీ ప్రతిరోజూ ఒకసారి పుట్టి, రాత్రికి మళ్లీ సర్దుకోవలసి ఉంటుంది. స్క్రూలతో షీటును పైపుకు గట్టిగా బిగించేస్తే అది సర్దుకోవడానికి దారే ఉండదు. పగటిపూట స్క్రూకూ స్క్రూకూ మధ్య షీటు ఉబ్బుతుంది, రాత్రిపూట ముడుచుకుంటూ ప్రతి రంధ్రం అంచునూ లాగుతుంది. కొన్ని నెలలు ఇలా సాగిన తరువాత ఆ రంధ్రాల నుంచి నక్షత్రం ఆకారంలో సన్నని పగుళ్లు బయలుదేరుతాయి. మీకు తెలిసినవారి ఇంట్లో స్క్రూల చుట్టూ కనిపించినవి ఇవే. వానాకాలంలో ఉబ్బిన చెక్క తలుపుకు చట్రంలో ఎలా సందు కావాలో, ఈ షీటుకు నాలుగు వైపులా అలాగే చోటు కావాలి.

అందువల్ల నా మొదటి సలహా, షీటు గుండా స్క్రూలు దించే పద్ధతిని వీలైనంత వరకు మానుకోండి. అల్యూమినియంతో చేసిన రెండు ముక్కల ప్రొఫైళ్లు, అంటే షీటు అంచులను పట్టి ఉంచే పొడవాటి పట్టాలు దొరుకుతాయి. కింది ముక్కను పైపుకు స్క్రూలతో బిగిస్తారు, దానిమీద రెండు పక్కల నుంచి షీట్ల అంచులను ఆనించి, పై ముక్కతో మూస్తారు. రెండు ముక్కలకూ ఈపీడీఎం అనే, ఎండకూ వానకూ తట్టుకునే కృత్రిమ రబ్బరు పట్టీలు ఉంటాయి. షీటు ఆ పట్టీల మధ్య నీరు దిగనంత బిగువుగా, వేడికి జరగగలిగినంత వదులుగా నిలుస్తుంది. షీటు అంచు ప్రొఫైల్ లోపలికి కనీసం 20 మిల్లీమీటర్లు వెళ్లాలి. మల్టీవాల్ షీటు అయితే దాని నిలువు గోడ ఒక్కటైనా పట్టీ కిందికి రావాలి, లేకపోతే గాలి ఒత్తిడికి షీటు వంగినప్పుడు అంచు బయటికి జారిపోతుంది. ఇంత లోపలికి వెళ్లిన తరువాత కూడా షీటు చివరకూ ప్రొఫైల్ వెన్నుకూ మధ్య మీటరు కొలతకు 3 మిల్లీమీటర్ల చొప్పున ఖాళీ మిగలాలి. ఈ లెక్క పొడవుకే కాదు, వెడల్పుకు కూడా వర్తిస్తుందన్న సంగతిని పనివారు తరచుగా మరచిపోతారు. ఎండ బాగా ఉన్న సమయంలో బిగిస్తుంటే షీటు అప్పటికే కొంత పెరిగి ఉంటుంది కాబట్టి ఖాళీ కొద్దిగా తగ్గినా నష్టం లేదు. చలికాలపు ఉదయం బిగిస్తుంటే మాత్రం పూర్తి ఖాళీ వదలవలసిందే.

మధ్యలో వచ్చే అడ్డు పైపుల వద్ద గాలికి షీటు లేవకుండా కొన్ని స్క్రూలు తప్పనిసరి కావచ్చు. అప్పుడు రంధ్రాన్ని స్క్రూ మందం కన్నా కనీసం 3, 4 మిల్లీమీటర్లు పెద్దదిగా చేయాలి. షీటు మధ్య భాగం నుంచి దూరంగా ఉన్న రంధ్రాలను, షీటు సాగే దిశలో కాస్త కోలగా చేయాలి. ఎందుకంటే షీటు నడిమి భాగం దాదాపు కదలకుండా ఉండి, చివరలు ఎక్కువగా కదులుతాయి. రంధ్రం అంచుకు 4 సెంటీమీటర్లకన్నా దగ్గరగా ఉండకూడదు. తల కింద ఈపీడీఎం రబ్బరు ఉన్న వెడల్పాటి వాషర్ వేసి, రబ్బరు షీటుకు ఆనగానే ఆపాలి. వాషర్ చుట్టూ షీటు గుంట పడిందంటే బిగువు మితిమీరిందన్నమాట. డ్రిల్ యంత్రాన్ని పూర్తి వేగంతో తిప్పి స్క్రూలు దించే అలవాటు ఉన్నవారికి ఇది నచ్చదు. అయినా మీరు దగ్గర ఉండి చూడవలసినది ఇదే.

ఇక సిలికాన్. పుల్లని వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. అది పాలీకార్బొనేట్‌కు సరిపడదు. ఈ పని కోసం న్యూట్రల్ క్యూర్ (ఆరేటప్పుడు ఆమ్లాన్ని వదలనిది) అని ట్యూబు మీద స్పష్టంగా రాసి, పాలీకార్బొనేట్‌కు వాడవచ్చని తయారీదారు చెప్పిన సిలికాన్ మాత్రమే తీసుకోవాలి. పైగా దానిని నీరు ఆపే పూతగా వాడాలే తప్ప షీటును ఫ్రేముకు అతికించే జిగురుగా వాడకూడదు. అతికిస్తే వ్యాకోచం సమస్య మళ్లీ మొదటికి వస్తుంది. రబ్బరుకు బదులు మెత్తటి పీవీసీ పట్టీలు వేయడం మరొక సాధారణమైన పొరపాటు. పీవీసీని మెత్తబరచడానికి కలిపే నూనెల వంటి పదార్థాలు మెల్లగా షీటులోకి చేరి, దానిని పెళుసుగా మార్చి చీలుస్తాయి. థిన్నర్, పెట్రోలు, అసిటోన్, అమ్మోనియా ఉన్న గాజు శుభ్రపరిచే ద్రవాలు, పచ్చి సిమెంటు నీరు, ఇవన్నీ దూరంగా ఉంచవలసినవే. పైపులకు రంగు వేయడం పూర్తయి, అది బాగా ఆరిన తరువాతే షీట్లను పైకి ఎక్కించాలి. పక్కన గోడకు ప్లాస్టరింగ్ మిగిలి ఉంటే అది కూడా ముందే ముగియాలి. ఒత్తిడిలో లేని షీటు మీద ఈ రసాయనాల ప్రభావం నెమ్మదిగా ఉంటుంది. గట్టిగా బిగించి, లాగుడులో ఉన్న షీటును అవే రసాయనాలు చాలా త్వరగా చీలుస్తాయి. బిగువైన స్క్రూ, దానిమీద పుల్లని సిలికాన్ చుక్క కలిసిన చోటే మొదటి పగులు వస్తుందని మీరు ముందుగానే చెప్పేయవచ్చు.

పసుపు రంగు విషయానికి వస్తే, పాలీకార్బొనేట్ తనంతట తాను అతినీలలోహిత కిరణాలను ఎక్కువ కాలం తట్టుకోలేదు. అందుకే నాణ్యమైన షీట్ల తయారీలోనే పై ముఖం మీద సుమారు 50 మైక్రాన్ల మందంతో ఒక రక్షణ పొరను కలిపి పోస్తారు. చవక షీట్లలో ఈ పొర ఉండకపోవచ్చు, లేదా పేరుకు మాత్రమే ఉండవచ్చు. పొర ఉన్న షీటును తలకిందులుగా వేసినా ఫలితం ఒక్కటే. చాలా షీట్లకు ఈ పొర ఒకే వైపు ఉంటుంది. ఏ వైపు ఎండకు ఉండాలో షీటును కప్పి ఉంచే పలుచని ప్లాస్టిక్ మీద ముద్రించి ఉంటుంది. ఆ ప్లాస్టిక్ తీసేశాక రెండు ముఖాలూ కంటికి ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి బిగించే ముందు అంచుల వద్ద 5 సెంటీమీటర్ల మేర మాత్రమే దానిని పైకి మడిచి, షీటును సరైన వైపుకు పెట్టి బిగించి, ఆ రోజే మొత్తం ఊడదీయాలి. వారాల తరబడి ఎండలో వదిలేస్తే అది షీటుకు అంటుకుపోయి ఎంత గీకినా రాదు. షీటును ముక్కలుగా కోసినప్పుడు ప్రతి ముక్క మీదా ఆ ముద్ర ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే చిన్న కాగితం చీటీ అంటించి గుర్తు పెట్టుకోవాలి. రంగు మారడం మీద తయారీదారు హామీని లిఖితపూర్వకంగా అడగండి. అది ఇవ్వని షీటు ఎంత తెల్లగా మెరుస్తున్నా నేను తీసుకోమని చెప్పను.

నాచుకు మూలం షీటు గొట్టాలలో నిలిచిన తేమ. మల్టీవాల్ షీటు లోపలి గొట్టాలు ఎప్పుడూ వాలు దిశలోనే ఉండాలి, అంటే లోపల చేరిన తేమ కిందికి జారిపోయే విధంగా ఉండాలి. వాలు కనీసం 5 డిగ్రీలు, అంటే మీటరుకు సుమారు 9 సెంటీమీటర్లు ఉండాలి. అంతకన్నా కొంచెం ఎక్కువ ఉంటే దుమ్ము కూడా వానతో కొట్టుకుపోతుంది. పై అంచున గొట్టాల నోళ్లను గాలి చొరబడని అల్యూమినియం టేపుతో పూర్తిగా మూసివేయాలి. కింది అంచున మాత్రం సన్నని రంధ్రాలు ఉండి, పురుగులనూ దుమ్మునూ ఆపి, తేమను బయటికి వదిలే టేపు వేయాలి. రెండింటి మీదా అల్యూమినియం లేదా పాలీకార్బొనేట్ యూ-ప్రొఫైల్ తొడిగి, కింది దానికి నీరు కారే చిన్న రంధ్రాలు చేయాలి. పెట్టెలకు వేసే గోధుమరంగు టేపు ఈ పనికి పనికిరాదు, ఒకటి రెండు వానలకే ఊడిపోతుంది. కింది అంచును కూడా సిలికాన్‌తో మూసేస్తే చుక్క నీరు దిగదన్న మాట నిజమే కావచ్చు. కానీ లోపలికి చేరిన తేమ బయటికి పోదు, నాచుకు కావలసిన వెలుతురూ తడీ రెండూ అక్కడే దొరుకుతాయి. కోసేటప్పుడు గొట్టాలలో పడిన పొట్టును టేపు వేయకముందే పొడి గాలితో ఊదివేయాలి. కోతకు సన్నని పళ్లున్న రంపం చాలు.

ఇప్పుడు మీ స్థలానికి వస్తాను. వాలును 6 మీటర్ల వైపు కాకుండా 4 మీటర్ల వైపు పెట్టండి. అప్పుడు షీటు పొడవు 4 మీటర్లే అవుతుంది, పైన చెప్పిన ఎండలో అది సుమారు 12 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది, నీరు కూడా తక్కువ దూరం ప్రయాణిస్తుంది. గోడ వైపు అంచు, ముందు అంచు కన్నా 35 నుంచి 40 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటే వాలు సరిపోతుంది. షీట్లు తరచుగా 6 మీటర్ల పొడవులో వస్తాయి కాబట్టి, రెండు మీటర్ల ముక్కలు వృథా అవుతాయని పనివారు అడ్డు చెప్పవచ్చు. ఆ వృథాను తప్పించడానికి గొట్టాలు వాలుకు అడ్డంగా వచ్చేలా షీటును తిప్పి వేయడానికి మాత్రం ఒప్పుకోకండి. 2.1 మీటర్ల వెడల్పు షీటును నిలువునా సగానికి కోసి, సుమారు మీటరుకు ఒక ప్రొఫైల్ వచ్చేటట్టు వేయించుకుంటే కప్పు గట్టిగా ఉంటుంది.

మందం విషయంలో 6 మిల్లీమీటర్ల షీటు కన్నా 10 మిల్లీమీటర్లది తీసుకోవడమే ఈ వెడల్పుకు మంచిదని నా అభిప్రాయం. ఇక్కడ బరువు కన్నా గాలిని గురించి ఆలోచించాలి. 10 మిల్లీమీటర్ల రెండు గోడల షీటు చదరపు మీటరుకు సుమారు 1.7 కిలోలు తూగుతుంది, అంటే మీ పైకప్పు మొత్తం షీట్ల బరువు 41 కిలోలకు మించదు. గంటకు 144 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి మాత్రం చదరపు మీటరు మీద దాదాపు 100 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడిని కలిగించగలదు. ఒక వైపు తెరిచి ఉన్న కప్పును ఆ ఒత్తిడి కింది నుంచి పైకి ఎత్తుతుంది. కాబట్టి పైపుల మధ్య దూరాన్ని పనివారి అంచనాతో కాకుండా, మీరు కొనే షీటు తయారీదారు ఇచ్చిన భారం పట్టికను మీ ప్రాంతపు గాలి వేగంతో సరిచూసి నిర్ణయించాలి. పైపులు గోడకూ నేలకూ ఎంత గట్టిగా అతికి ఉన్నాయన్నది కూడా అంతే ముఖ్యం. పైపుల పై ముఖానికి తెల్ల రంగు వేయించండి. నల్లని ఇనుము ఎండలో బాగా కాలి, తాను తాకిన చోట షీటును త్వరగా పాడు చేస్తుంది.

వేడి గురించి మీరు అడగలేదు, కానీ వేయించాక అందరూ అడిగే ప్రశ్న అదే. వేడి ప్రసారాన్ని కొలిచే యు-విలువ ఒంటి గాజుకు సుమారు 5.8 ఉంటే, 6 మిల్లీమీటర్ల మల్టీవాల్ షీటుకు సుమారు 3.5, 10 మిల్లీమీటర్లకు సుమారు 3 ఉంటుంది. ఈ విలువ తగ్గడం వల్ల లోపలి వెచ్చదనం గానీ చల్లదనం గానీ నిలుస్తుంది, నేరుగా లోపలికి వచ్చే ఎండ మాత్రం ఆగదు. పారదర్శకమైన 10 మిల్లీమీటర్ల షీటు వెలుగులో దాదాపు 80 శాతాన్ని లోపలికి వదులుతుంది. దానితో వచ్చిన వేడి నేలకూ వస్తువులకూ చేరి, మళ్లీ షీటు గుండా బయటికి పోలేక అక్కడే నిలుస్తుంది. పగలు కూర్చునే చోటికి పాలవంటి తెల్లని ఒపల్ షీటు దీనికన్నా మేలు. కంచు రంగు షీటు కంటికి చల్లగా ఉన్నా, ఎండను తానే పీల్చుకుని ఎక్కువగా వేడెక్కుతుంది, కాబట్టి ఎక్కువగా వ్యాకోచిస్తుంది కూడా. ఏ షీటు వేసినా గోడ వైపు ఎత్తైన అంచు కింద వేడి గాలి పోవడానికి తెరపి ఉంచండి. వాన చప్పుడు ఇంత తేలికైన కప్పు మీద గట్టిగానే వినిపిస్తుంది. దానిని భరించలేనివారు పడకగది పక్కన ఈ కప్పు వేసుకోకపోవడమే మంచిది. పాలీకార్బొనేట్ సుమారు 150 డిగ్రీల వద్ద మెత్తబడుతుంది కాబట్టి పొయ్యి పొగగొట్టం దాని గుండా పోకూడదు, దాని దగ్గరగా కూడా ఉండకూడదు.

కిటికీకి మల్టీవాల్ షీటు వద్దు, దాని గుండా చూస్తే ఆకారాలు చెదిరి కనిపిస్తాయి. గాజులా ఒకే పొరతో ఉండే సాలిడ్ షీటు కావాలి. మెట్ల పక్క కిటికీకి ఇది సరైన ఎంపికే, ఎందుకంటే ఎవరైనా జారి పడినా అది ముక్కలై గుచ్చుకోదు. అయితే అదే మందం గల గాజుతో పోలిస్తే ఇది సుమారు 30 రెట్లు ఎక్కువగా వంగే స్వభావం గలది. గాజు కోసం చేసిన లోతు తక్కువ గాడిలో దీనిని పెడితే గట్టి గాలికి మధ్యలో వంగి, అంచులు గాడి నుంచి ఊడివస్తాయి. ఫ్రేము గాడి షీటు అంచును 20 మిల్లీమీటర్ల మేర పట్టుకుని, ఆపైన మీటరుకు 3 మిల్లీమీటర్ల ఖాళీని వదిలేంత లోతుగా ఉండాలి. కిటికీ పెద్దదని అన్నారు కాబట్టి 6 మిల్లీమీటర్ల మందం తీసుకుని, మధ్యలో ఒక అడ్డుకమ్మీ పెట్టించండి. ఎండి గట్టిపడే పుట్టీ వాడకూడదు, ఇక్కడ కూడా ఈపీడీఎం పట్టీలే వేయాలి. ఎండ తగిలే వైపు రక్షణ పొర, చేతులు తగిలే వైపు గీతలను తట్టుకునే గట్టి పూత ఉన్న షీటు అడగండి. పూత లేని షీటును పొడి గుడ్డతో నాలుగుసార్లు తుడిస్తే చాలు, వెలుగుకు ఎదురుగా గీతల వల కనిపిస్తుంది. అగ్నిప్రమాదం జరిగినప్పుడు బయటపడటానికి ఆ కిటికీ ఒక్కటే దారి అయితే, దానిని తెరుచుకునే తలుపుగా చేయించాలి. బిగించిన పాలీకార్బొనేట్‌ను అత్యవసర సమయంలో పగలగొట్టడం గాజును పగలగొట్టినంత సులభం కాదు.

పని జరిగేటప్పుడు ఎవరూ షీటు మీద నేరుగా కాలు పెట్టకుండా, పైపుల మీద ఆనే పలకలు వేసుకుని నడవాలి. వేయకముందు షీట్లను ఎండలో దొంతరగా పెట్టకుండా నీడలో, సమతలమైన చోట ఉంచాలి. తరువాతి కాలంలో శుభ్రం చేయడానికి ముందు నీటితో దుమ్మును కడిగి, గోరువెచ్చని నీటిలో కలిపిన తేలికపాటి సబ్బుతో, మెత్తటి స్పాంజితో రుద్ది, మళ్లీ నీటితో కడిగితే చాలు. మొదటి వేసవి గడిచాక ఒకసారి పైకి చూసి, ప్రొఫైళ్ల నుంచి ఏ అంచైనా జారిందేమో, కింది టేపు దుమ్ముతో మూసుకుపోయిందేమో పరిశీలించండి. ఎండ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కప్పు నుంచి చిన్నగా టకటక శబ్దాలు వినిపిస్తే భయపడకండి, షీటు తన చోట తాను జరుగుతున్నదని అర్థం. మధ్యాహ్నం వేళ షీటు పొంగి అలలుగా కనిపిస్తే మాత్రం ఎక్కడో ఖాళీ చాలలేదు, ఆ అంచును విప్పించి కొన్ని మిల్లీమీటర్లు కోయించండి.